హెచ్‌బీఏ1సీ టెస్టు వెనక ఉన్న శామ్యూల్ రహ్‌బర్ పేరు ఎప్పుడైనా విన్నారా?

ల్యాబ్_గోదారి (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. నేను రాజమండ్రిలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని, పదకొండేళ్లుగా ఇదే పని. పొద్దున ఏడింటికి వెళ్లేసరికే ట్రేలో ఊదారంగు మూత ట్యూబులు ముప్పై నలభై ఉంటాయి, వాటిలో సగం మన జనం "మూడు నెలల షుగర్" అనే టెస్టువే. ట్యూబుని మెల్లగా అటూ ఇటూ తిప్పి మెషీన్‌లో పెడితే కాసేపటికి తెరమీద గ్రాఫ్ గీస్తుంది. ముందు రెండు మూడు బుల్లి గుట్టలు, తర్వాత కాస్త పెద్దది, చివర్లో పెద్ద కొండ. ఆ కాస్త పెద్ద గుట్టే ఏ1సీ, అంటే చక్కెర అంటిన హీమోగ్లోబిన్ (ఎర్రకణాల్లో ఉండే ఎర్ర ప్రొటీన్). దాని వాటా ఎంత శాతమో చూసి మీ డాక్టరు గారు మీకు తిట్లు పెడతారు.

మొన్న మెషీన్ కాలిబ్రేషన్‌లో ఉంటే ఖాళీగా కూర్చుని, అసలు ఈ గుట్టకీ షుగర్ జబ్బుకీ సంబంధం ఉందని మొదట ఎవరికి తట్టిందా అని వెతికాను. శామ్యూల్ రహ్‌బర్ అని ఇరాన్ ఆయన. 1929లో హమదాన్‌లో, యూదు కుటుంబంలో పుట్టారు. టెహ్రాన్ యూనివర్సిటీలో 1953లో డాక్టరీ పూర్తిచేసి, అబాదాన్‌లో కొన్నేళ్లు ప్రాక్టీసు పెట్టి, మళ్లీ అదే యూనివర్సిటీకి వచ్చి 1963లో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేశారు. నడుస్తున్న ప్రాక్టీసు వదిలి మళ్లీ చదువుకి రావడమంటే ఇంట్లో ఏమన్నారో ఏమో.

నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, ఆయన షుగర్ మీద పనే చేయడం లేదు. పుట్టుకతో వచ్చే తేడా హీమోగ్లోబిన్లు (సికిల్ సెల్ లాంటివి) ఎవరిలో ఉన్నాయో ఏరుతున్నారు. ఎర్రకణాలు పగలగొట్టి, ఆ ఎర్రనీళ్లు జెల్ మీద చుక్క పెట్టి కరెంటు ఇస్తే ఒక్కో రకం ఒక్కో వేగంతో జరుగుతుంది, పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. ఆస్పత్రికి వచ్చిన 1200 మంది రక్తం అలా చూస్తే ఇద్దరిలో మాత్రం ఒక పట్టీ మామూలు కంటే ముందుకు పరిగెత్తింది. ఇద్దరూ షుగర్ పేషెంట్లు! అప్పుడు 47 మంది షుగర్ పేషెంట్లను ఏరికోరి చూశారు, అందరిలోనూ ఆ పట్టీ ఉంది. 1968లో ఒక చిన్న పేపర్‌గా వేశారు.

1200లో ఇద్దరండీ. నేనైతే "జెల్ సరిగ్గా రాలేదు, మళ్లీ రన్ చెయ్" అనేసి టీకి పోయేవాణ్ణి, అబద్ధమెందుకు.

జొన్నరొట్టె_బాధితుడు

అయితే నన్ను పట్టించింది ఈయనేనన్నమాట. నేను చెకప్‌కి వారం ముందు నుంచి అన్నం మానేసి రొట్టె, పెరుగు మీద ఉండి, ఫాస్టింగ్ 104 తెచ్చుకుని కాలరెగరేసుకుని వెళ్లాను. డాక్టరమ్మ రెండో కాగితం తిప్పి, ఏ1సీ 8.3 మీద పెన్ను పెట్టి, "దసరా నుంచి మీరేం తిన్నారో ఇక్కడ రాసుందండీ" అంది. మా ఆవిడ అక్కడే నవ్వింది.

కెమిస్ట్రీ_మాస్టారు

నేను జూనియర్ కాలేజీలో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఈ రసాయనం అందరి వంటింట్లో ఉన్నదే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

కోవా కాచేటప్పుడు పాలు ఎందుకు రంగు మారతాయి? దోశ అంచు ఎందుకు ఎర్రబడుతుంది? చక్కెర అణువులు వెళ్లి ప్రొటీన్లకు అతుక్కోవడం వల్ల మొదలయ్యే రసాయన చర్య అది. ఫ్రాన్స్ ఆయన లూయీ కామీ మయార్ 1912లో దీని గురించి రాశారు (స్పెల్లింగ్ చూసి మా పిల్లలు మెయిలార్డ్ అనేవారు, నేనూ దిద్దలేదు, పరీక్షలో రాస్తే చాలనుకునేవాణ్ణి). పొయ్యి మీద అది నిమిషాల్లో అయిపోతుంది. మన ఒంటి వేడికి వారాలు పడుతుంది, అంతే తేడా.

హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసులో మొట్టమొదటి అమైనో ఆమ్లం వాలీన్. దాని చివర అమైన్ గుంపు ఖాళీగా ఉంటుంది. గ్లూకోజ్ వచ్చి మొదట దాన్ని వదులుగా పట్టుకుంటుంది, కావాలంటే ఊడిపోగలదు కూడా. ఊడకుండా కొంతకాలం ఉంటే లోపల అమరిక మారి గట్టిగా అతుక్కుపోతుంది. ఆ మార్పుని అమడోరి అమరిక అంటారు, ఆయన ఇటలీ కెమిస్టు. ఇక్కడ ఎంజైము ఏమీ లేదు, ఎవరూ పురమాయించిన పని కాదు. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువ ఉంటే, ఎంత ఎక్కువ కాలం ఉంటే, అంత అతుకుతుంది.

ఇక ఎర్రకణానికి కేంద్రకం ఉండదు, కొత్త ప్రొటీన్ చేసుకోలేదు. సుమారు 120 రోజులు తిరిగి పోతుంది. ఆ 120 రోజుల్లో ఎంత తీపి చూసిందో దాని ఒంటిమీదే మిగిలిపోతుంది.

ల్యాబ్_గోదారి

మాస్టారూ, పదకొండేళ్లుగా చేస్తున్న పనికి ఇవాళ అర్థం తెలిసింది. నాకు డిప్లొమాలో "గ్లూకోజ్ బైండ్స్ టు హీమోగ్లోబిన్" అన్న ఒక్క లైను చెప్పి వదిలేశారు.

ఇంకోటి, పనిలో పని చెప్పేస్తున్నా. ఈ టెస్టుకి పరగడుపున రావక్కర్లేదు! పెద్దవాళ్లు కాఫీ కూడా తాగకుండా పదింటిదాకా కళ్లు తిరుగుతూ కూర్చుంటారు, చూస్తే ప్రిస్క్రిప్షన్‌లో ఏ1సీ ఒక్కటే ఉంటుంది.

పాత_కాగితాలు

థ్రెడ్ బాగుంది కానీ "కనిపెట్టాడు" దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఆ గుట్టని వేరుచేసి చూపింది 1958లో హ్యూస్మన్, మేయరింగ్. దానికి ఏ1ఏ, ఏ1బీ, ఏ1సీ అని పేర్లు పెట్టింది అదే ఏడు అలెన్, ష్రోడర్, బాలోగ్. దాని మీద చక్కెర అతుక్కుని ఉందని తేల్చింది బుక్‌చిన్, గాలప్, అది కూడా 1968లోనే. ఇన్ని చేతులు పడిన పని మీద ఒక్కరి పేరు రాస్తే మిగతావాళ్లకు అన్యాయం కాదా? మనకి ఎప్పుడూ ఒక హీరో కావాలి, అదే గొడవ.

బాల్టిమోర్_బాబాయ్

పాత_కాగితాలు గారూ, మీరు చెప్పిన పేర్లూ ఏళ్లూ కరెక్టే. కానీ మీ లిస్టులో ఒకటి తప్పిపోయింది, అది మీ వాదనకే ఎదురు తిరుగుతుంది. 1962లో హ్యూస్మన్, డోజీ కలిసి రాసిన పేపర్‌లో, టోల్‌బ్యుటమైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్న కొందరిలో ఆ చిన్న భాగం పెరిగిందని ఉంది. అంటే రహ్‌బర్ కంటే ఆరేళ్ల ముందే వాళ్ల కళ్ల ముందుకు వచ్చింది! కానీ వాళ్లు మాత్ర వైపు చూశారు, జబ్బు వైపు చూడలేదు. మందు ప్రభావమేమోనని పరీక్షించి, అలా రాకపోయేసరికి అక్కడితో ఆగిపోయారు.

రహ్‌బర్ చేసింది ఒక్కటే, "వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నదేంటి" అని అడిగారు. వినడానికి చిన్నదే. పదేళ్లుగా ల్యాబ్‌లో ఉన్నాను, ఆ ప్రశ్న అడగక నేను పోగొట్టుకున్న డేటా ఎంతో నాకు తెలుసు.

పైగా ఆయన "నాదే" అని పట్టుకుని కూర్చోలేదు. ఆ పట్టీ సంగతి పట్టుకుని న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ మెడికల్ కాలేజీకి, హెలెన్ రానీ ల్యాబ్‌కి వెళ్లారు. సికిల్ సెల్ మీద అప్పటికే పేరున్న మనిషి ఆవిడ. 1969లో రహ్‌బర్, బ్లూమెన్‌ఫెల్డ్, రానీ ముగ్గురి పేరుతో వచ్చిన పేపర్‌లో, టెహ్రాన్‌లో కనిపించిన ఈ "షుగర్ హీమోగ్లోబిన్" కొత్తదేమీ కాదు, ఆ పాత ఏ1సీయే అని తేల్చారు. అంటే నేను కొత్తది కనిపెట్టలేదు అని ఆ పేపర్ మీద ఆయనే సంతకం పెట్టినట్టు. 1971లో రానీ ల్యాబ్ నుంచే ట్రివెల్లీ వాళ్లు, షుగర్ పేషెంట్లలో అది మామూలు కంటే దాదాపు రెట్టింపు ఉంటుందని లెక్క కట్టి చూపించారు.

పాత_కాగితాలు

1962 పేపర్ సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. అయినా "కనిపెట్టాడు" బదులు "సంబంధం పట్టుకున్నాడు" అంటే నాకు అభ్యంతరం లేదు.

ల్యాబ్_గోదారి

నేను మొదటి పోస్టులో రాసింది అదేనండీ బాబూ, "సంబంధం ఎవరికి తట్టిందా" అనే.

పాత_కాగితాలు

😀 పైకి వెళ్లి చూసుకున్నా. నిజమే.

భీమవరం_బుల్లోడు

ఇవన్నీ చదువుతుంటే మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. మా భీమవరంలో పుట్టి అమెరికాలో అంత పనిచేస్తే...

జొన్నరొట్టె_బాధితుడు

వచ్చేశారు! సైన్సు అని థ్రెడ్ కనిపిస్తే చాలు సుబ్బారావు గారిని తీసుకొస్తారు. తమ్ముడూ, ఆయనంటే మాకూ గౌరవమే, ఇక్కడ మాత్రం ఇరాన్ ఆయన సంగతి నడుస్తోంది.

భీమవరం_బుల్లోడు

పోలిక ఉందని అన్నా అన్నా. సొంత ఊరు వదిలి వెళ్లడం, పేరు రాకపోవడం... రహ్‌బర్ గారు చివరికి ఏమయ్యారు? అక్కడే ఉన్నారా?

బాల్టిమోర్_బాబాయ్

లేదు. 1979 విప్లవం తర్వాత ఇరాన్ వదిలి అమెరికా వచ్చేశారు. కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ దగ్గర డ్యువార్టీ అనే ఊళ్లో సిటీ ఆఫ్ హోప్ అనే పరిశోధనా కేంద్రంలో చేరి దాదాపు మిగతా జీవితమంతా అక్కడే పనిచేశారు. యాభై ఏళ్ల వయసులో దేశం మారి మళ్లీ మొదలుపెట్టడం మామూలు విషయం కాదు, నేను ఇరవై ఆరేళ్లకి వస్తేనే మొదటి రెండేళ్లు ఏడుపు.

పేరు రాలేదనడం కూడా పూర్తిగా నిజం కాదు, ఆలస్యంగా వచ్చింది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2012లో ఏకంగా ఆయన పేరు మీదే ఒక అవార్డు పెట్టింది. అదే ఏడు నవంబరులో, 83 ఏళ్ల వయసులో పోయారు. మొదటి పేపర్‌కీ అవార్డుకీ మధ్య 44 ఏళ్లు.

అన్నట్టు మాస్టారు గారూ, చిన్న సవరింపు కాదు కానీ ఒక తేడా చెప్పాలి. మన రిపోర్టుల్లో చాలాచోట్ల "గ్లైకోసిలేటెడ్ హీమోగ్లోబిన్" అని అచ్చేస్తారు. అది తప్పు, "గ్లైకేటెడ్" అనాలి. ఎంజైము లేకుండా చక్కెర తనంతట తాను అతుక్కుంటే గ్లైకేషన్. కణం తన ఎంజైముతో, కావాలని, ఫలానా చోటే చక్కెర తగిలిస్తే గ్లైకోసిలేషన్. మొదటిది వాన పడి గోడ పాచి పట్టడం, రెండోది మేస్త్రీ పెట్టి రంగు వేయించడం. ఇది నా పొట్టకూడు కాబట్టి ఇంత పట్టుదల, ఏమనుకోకండి.

కెమిస్ట్రీ_మాస్టారు

ఏమనుకోను బాబూ. నిజానికి ఆ రెండో రకం గురించే మీరు రాయాలి, నాకు పెద్దగా తెలియదు. మా రోజుల్లో చక్కెర తగిలిన ప్రొటీన్లు అంటే కణం బయట గోడ మీద, లేదా బయటికి వదిలే వాటిలో మాత్రమే ఉంటాయని చదువుకున్నాం.

బాల్టిమోర్_బాబాయ్

మీరు చదువుకున్నది 1984 దాకా అందరూ నమ్మిందే మాస్టారూ. ఆ ఏడు మా ఊళ్లోనే, జాన్స్ హాప్‌కిన్స్‌లో, జెరాల్డ్ హార్ట్, కార్మెన్-రోసా టోరెస్ కలిసి ఎలుక లింఫోసైట్ల (తెల్లరక్తకణాల్లో ఒక రకం) మీద ఒక చక్కెర ఎక్కడుందో వెతికారు. రేడియోధార్మిక గ్యాలక్టోజ్‌ని ఎంజైముతో ఆ చక్కెర చివర తగిలిస్తే, అది ఎక్కడుంటే అక్కడ లెక్క తెలిసిపోతుంది. బయట ఉంటుందనుకుని వెతికితే ఎక్కువ భాగం కణం లోపల దొరికింది! అదీ కొమ్మలు కొమ్మలుగా కాదు, ఒక్కటంటే ఒక్క చక్కెర అణువు, ప్రొటీన్‌లో సెరీన్ అనే అమైనో ఆమ్లం మీదో త్రియోనీన్ అనేదాని మీదో. ఓ-గ్లక్‌నాక్ అంటాం. ఒక ఎంజైము పెడుతుంది, ఇంకోటి తీసేస్తుంది. హార్ట్ గారు తర్వాత దాని మీదే దశాబ్దాలు గడిపారు. ఒంట్లో గ్లూకోజ్ ఎక్కువైతే ఇదీ పెరుగుతుంది కాబట్టి ఇటునుంచీ షుగర్ జబ్బు దగ్గరికే వెళ్తాం. దాని గురించి వేరే థ్రెడ్ పెడతా, ఇక్కడ రహ్‌బర్ గారిని మింగేస్తుంది.

ఆరోగ్యమే_మహాభాగ్యం

ఫ్రెండ్స్, ఈ టెస్టులన్నీ కంపెనీల వ్యాపారం. మా బంధువు ఒకాయన కాకరకాయ రసం, మెంతినీళ్లు పరగడుపున వారం తాగితే ఏ1సీ 10 నుంచి 7కి వచ్చింది. అందరూ షేర్ చేయండి.

డ్యూటీ_డాక్టర్

పైన మాస్టారు గారు రాసింది ఒక్కసారి చదవండి. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, గట్టిగా అతుక్కున్న చక్కెర ఊడదు. వారంలో 10 నుంచి 7కి రావాలంటే సగం రక్తం మార్చాలి. కాకరకాయ కూర నేనూ తింటాను, ఉల్లికారం పెట్టి అయితే ఇంకా బాగుంటుంది, దాన్ని మందు అనకండి.

అతుకు ఎంత నెమ్మదిగా దిగుతుందో 1976లోనే చూపించారు. రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో కోనిగ్, సెరామీ వాళ్లు ఐదుగురు షుగర్ పేషెంట్లని ఆస్పత్రిలో ఉంచి చక్కెర బాగా అదుపులో పెట్టారు. రక్తంలో గ్లూకోజ్ త్వరగానే తగ్గింది, ఏ1సీ మాత్రం వారాల తరబడి మెల్లగా దిగింది. "ఇది వెనకటి లెక్క చెబుతుంది" అని డాక్టర్లకు నమ్మకం మొదలైంది అక్కడే. అదే ఏడు బన్ వాళ్లు కూడా, ఇది ఎర్రకణం బతికినంత కాలం కొంచెం కొంచెంగా తయారవుతుందని చూపించారు.

అయినా వైద్యం మారడానికి ఇంకా పదిహేడేళ్లు పట్టింది. 1993లో డీసీసీటీ అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి, టైప్ 1 షుగర్ ఉన్న 1441 మంది, సగటున ఆరున్నరేళ్లు. ఏ1సీ 9 దగ్గర ఉన్నవాళ్లకీ 7 దగ్గర పెట్టినవాళ్లకీ తేడా చూస్తే, మొదట్లో కంటి జబ్బు లేనివాళ్లలో రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. అప్పటిదాకా "షుగర్ దించితే కళ్లు నిజంగా ఆగుతాయా" అని పెద్ద పెద్ద డాక్టర్లే వాదించుకునేవారు. ఆ వాదనకి కొలబద్ద రహ్‌బర్ చూసిన పట్టీయే. 6.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే అని నిర్ధారణకి కూడా వాడొచ్చని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పింది 2010లో.

వరంగల్_బిడ్డ

డాక్టర్ గారూ, ఒకటి అడుగుతాను, ఏమనుకోవద్దు. మా నాన్నకి రెండేళ్లుగా డయాలసిస్ నడుస్తుంది, షుగర్ ఇరవై ఏళ్ల నుంచి ఉంది. మొన్న ఏ1సీ 5.6 వచ్చింది. ఇంట్లో అందరూ సంబరపడి నాన్నకి బొబ్బట్లు కూడా పెట్టారు. కానీ నేను రోజూ వేలు గుచ్చి చూస్తే భోజనం తర్వాత 230, 250 వస్తుంది. ల్యాబ్‌లో అడిగితే "మిషన్ తప్పు చెప్పదమ్మా" అని పంపించేసిన్రు. నాకు టెన్షన్ తగ్గట్లేదు. ఏది నమ్మాలి?

డ్యూటీ_డాక్టర్

అమ్మా, మీ వేలు గుచ్చి చూసినదే ఈ సందర్భంలో ఎక్కువ నమ్మండి. నాన్నగారికి రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు ఇస్తున్నారా, ఎరిత్రోపోయిటిన్ అని? డయాలసిస్‌లో సాధారణంగా ఇస్తారు. అవి కొత్త ఎర్రకణాలు పుట్టిస్తాయి. కొత్త కణానికి ఇంకా తీపి అంటలేదు కదా, సగటు పడిపోతుంది. కిడ్నీ జబ్బులో ఎర్రకణాలు తొందరగా చనిపోతాయి కూడా. రక్తం ఎక్కించినా ఇంతే. మిషన్ అబద్ధం చెప్పలేదు, ఉన్న కణాలనే లెక్కపెట్టింది, ఆ కణాల వయసే తక్కువ.

మందుల్లో ఏ మార్పూ మీరు సొంతంగా చేయొద్దు. గ్లూకోమీటర్ రీడింగులు టైముతో సహా నోట్‌బుక్‌లో రాసుకుని, ఈసారి నెఫ్రాలజిస్టుకి (కిడ్నీ డాక్టరుకి) ఏ1సీ కాగితంతో పాటు పక్కపక్కన పెట్టి చూపించండి. గ్లైకేటెడ్ ఆల్బుమిన్ అని ఇంకో టెస్టు ఉంది, రెండు మూడు వారాల లెక్క చెబుతుంది, అవసరమా కాదా ఆయన్నే అడగండి.

ఐరన్ తక్కువ ఉన్న ఆడవాళ్లలో దీనికి ఉల్టా, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ల్యాబ్_గోదారి

వరంగల్ చెల్లీ, "మిషన్ తప్పు చెప్పదు" అని నేనూ చాలామందికి చెప్పి పంపాను. ఇక చెప్పను.

డాక్టర్ గారూ, మీరు చెప్పాక నాకో సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం ఏజెన్సీ నుంచి, మారేడుమిల్లి వైపు నుంచి, ఒక కుర్రాడి శాంపిల్ వచ్చింది. గ్రాఫ్‌లో పెద్ద కొండ పక్కన ఇంకో కొండ! రీరన్ చేసినా అదే. సికిల్ సెల్ అని తర్వాత తేలింది. అలాంటప్పుడు ఏ1సీ అంకెని నమ్మకూడదని మా సీనియర్ చెప్పారు.

బాల్టిమోర్_బాబాయ్

ఇదే నేను రాద్దామనుకున్నది, మీరు ముందే రాసేశారు! చూడండి విచిత్రం, రహ్‌బర్ గారు టెహ్రాన్‌లో వెతుకుతున్నది సరిగ్గా ఆ రెండో కొండ కోసం. తేడా హీమోగ్లోబిన్ల కోసం వెతుకుతుంటే చక్కెర అంటిన మామూలు హీమోగ్లోబిన్ దొరికింది. ఇప్పుడు మీరు చక్కెర అంటినదాన్ని వెతుకుతుంటే తేడా హీమోగ్లోబిన్ అడ్డొస్తోంది. ఆయన ఆ పాత వెతుకులాట మానలేదు కూడా. 1970లలో వరసగా కొత్త రకాలు పట్టుకుని వాటికి ఇరాన్ పేర్లు పెట్టారు, హీమోగ్లోబిన్ దానెష్‌గా-టెహ్రాన్ (టెహ్రాన్ యూనివర్సిటీ అనే అర్థం), హీమోగ్లోబిన్ అవిసెన్నా, ఇంకా హీమోగ్లోబిన్ హమదాన్. హమదాన్ ఆయన పుట్టిన ఊరు.

అమెరికా వచ్చాక చక్కెర అతుకు తర్వాతి దశ మీద పడ్డారు. మాస్టారు చెప్పిన అమడోరి దగ్గర ఆ కథ ఆగదు, ఏళ్లు గడిస్తే ప్రొటీన్లు ఒకదానికొకటి పెనవేసుకుని గోధుమరంగు పడతాయి, కంటి కటకంలో, రక్తనాళాల కొలాజెన్‌లో. వాటిని ఆపే మందు కోసం చాలా రసాయనాలు వడపోశారు, ఏదీ మన మెడికల్ షాపు దాకా రాలేదు.

భీమవరం_బుల్లోడు

పుట్టిన ఊరి పేరు హీమోగ్లోబిన్‌కి పెట్టుకోవడం భలే ఉంది. హీమోగ్లోబిన్ భీమవరం!

జొన్నరొట్టె_బాధితుడు

ముందు దొరకాలిగా తమ్ముడూ. నీ రక్తంలో రొయ్యల ఇగురు తప్ప ఏమీ ఉండదు.

వరంగల్_బిడ్డ

పది రోజుల తర్వాత రాస్తున్నా. నోట్‌బుక్ చూపించాను. డాక్టర్ గారు ఏ1సీ కాగితం పక్కన పెట్టేసి, నా రీడింగులే చూసి రాత్రి ఇన్సులిన్ డోసు మార్చారు. "ఇన్ని రోజులు రాసినవా" అని అడిగారు. ఇంజెక్షన్ సంగతి కూడా నిజమే, వారానికి రెండు ఇస్తున్నారట, మాకు అది బలం సూది అని చెప్పిన్రు. నాన్న బొబ్బట్ల గురించి మాత్రం డాక్టర్‌కి చెప్పొద్దన్నాడు, నేను చెప్పేసిన.

ల్యాబ్_గోదారి

మంచి పని చేశావు చెల్లీ. నేను కూడా మా కౌంటర్ దగ్గర ఫారంలో పెన్నుతో రెండు లైన్లు కలిపాను: "డయాలసిస్ ఉందా? ఈమధ్య రక్తం ఎక్కించారా?" మా ఓనరు ఫారం పాడుచేశావన్నాడు. మళ్లీ ప్రింటుకి ఇచ్చేటప్పుడు చూద్దామన్నాడు.